పచ్చ నీళ్లు ఉంచాలా, తీసేయాలా?

వాదులాడుకునే ఇద్దరూ బంధువులే. మామయ్యది భీమవరం దగ్గర పల్లె, చేపల చెరువులు చేస్తారు. మేనకోడలు శ్రీలతది కూకట్‌పల్లిలో ఫ్లాటు. హాల్లో పడమటి కిటికీ పక్కన రెండడుగుల గాజు తొట్టి, అందులో గోల్డ్ ఫిష్‌లు. ఎండాకాలం మొదలయ్యాక తొట్టిలో సన్నటి నాచు పెరిగి నీళ్లు పచ్చబడ్డాయి. చుట్టపుచూపుగా వచ్చిన మామయ్య దాన్ని చూసి ముచ్చటపడటంతో గొడవ మొదలైంది.

శ్రీలత: ముచ్చటేంటి మామయ్యా? గోంగూర ఉడికించిన నీళ్లలా ఉంది. చేపలు కనిపించనప్పుడు తొట్టి ఎందుకు, గోడకి పచ్చ రంగు వేసుకుంటే సరిపోయేది.

మామయ్య: ఆ రంగు రావడానికి మేం డబ్బులు పోస్తాం అమ్మాయ్. పేడ, సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీరు పచ్చగా తిరిగాకే చేప పిల్లల్ని వదులుతాం. మోచెయ్యి దాకా ముంచి చూస్తే అరచెయ్యి మసగ్గా కనపడాలి. స్పష్టంగా కనపడిందా, నీళ్లలో బలం లేనట్టే. నీకు ఊరికే వచ్చింది, వద్దంటున్నావు.

శ్రీలత: మీ చెరువులో దాని మీద బతికే చేపలున్నాయి. ఆ నాచును తినే పురుగుల్ని బొచ్చె తింటుంది. నేను డబ్బా మేత వేస్తున్నాను, నాకెందుకు ఆ బలం?

మామయ్య: జపాన్‌లో గోల్డ్ ఫిష్ పెంచేవాళ్లు కావాలనే పచ్చ నీళ్లలో ఉంచుతారు, చేపకి రంగు బాగా పడుతుందని. అదీగాక, చేప వదిలే అమ్మోనియాని ఈ నాచే పీల్చుకుంటుంది. నీ ఫిల్టర్ చేసే పనిలో సగం ఇదే చేస్తోంది.

శ్రీలత: పగలు చేస్తుంది. రాత్రి మాటేంటి? తెల్లవారుజామున టార్చి పట్టుకుని గట్టు మీదకి ఎందుకు పరిగెత్తుతారు మీరు?

మామయ్య: చేపలు తేలాయేమోనని.

శ్రీలత: ఎందుకు తేలతాయి? వెలుతురు లేనప్పుడు నాచు కూడా చేపలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి. మీరు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేసి కాపాడుకుంటారు. పైగా అయిదడుగుల లోతున్న ఎకరం చెరువులో దాదాపు 60 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. నా తొట్టి అంచు దాకా నింపినా 56 లీటర్లే. ఎండ వేళ నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేస్తే నీటి క్షారగుణం చూపే పీహెచ్ పైకి పోతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ మిగిలిన కాస్త అమ్మోనియా కూడా విషమవుతుంది. ఏదో ఒక రోజు ఈ నాచంతా ఒక్కసారిగా చచ్చిందంటే నా చేపల పని అంతే.

(మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఈ అంకె ముందు చెరువు అనుభవం పెద్దగా పనిచేయదని నా అభిప్రాయం కూడా. జపాన్ వాళ్ల మాట నిజమే. కానీ వాళ్లు ఆ నీళ్లను రోజూ కనిపెట్టుకుని ఉంటారు, ఆఫీసుకి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి రారు.)

మామయ్య: సరే, తీసేద్దాం. ఎలా? నీళ్లన్నీ పారబోసి కొత్తవి పడతావా?

శ్రీలత: షాపువాడు అదే చెప్పాడు, ఫిల్టర్ కూడా కుళాయి కింద కడగమన్నాడు. నేను వినలేదు. క్లోరిన్ తగిలితే స్పాంజిలోని మంచి బ్యాక్టీరియా పోతుంది. ఈ నాచు ఒక్కో కణం కొన్ని మైక్రాన్లే, స్పాంజిలోంచి జారిపోతుంది. రాళ్ల మధ్య చెంబెడు మిగిలినా మళ్లీ పెరుగుతుంది. అందుకే యూవీ, అంటే అతినీలలోహిత కిరణాల లైటు పెడదామనుకుంటున్నా. 254 నానోమీటర్ల కిరణాల ముందు నుంచి నీళ్లు నెమ్మదిగా పోతుంటే నాచు కణాలు చస్తాయి. కొద్ది రోజుల్లో తేటపడుతుంది.

మామయ్య: చచ్చింది ఎక్కడికి పోతుంది? ఆ నీళ్లలోనే కుళ్లి మళ్లీ ఎరువవుతుంది. గాజుకి పట్టిన పాకుడు జోలికి ఆ లైటు పోదు. ఏడాది తిరిగేసరికి బల్బు బలం తగ్గుతుంది, ఇంకోటి కొనాలి. నాచు బతికేది ఎండ మీద, ఎరువు మీద. రెండూ ఆపకుండా లైటు కొంటానంటావేంటి? ముందు ఆ కిటికీ దగ్గర్నుంచి తొట్టి జరుపు.

శ్రీలత: నీళ్లతో నిండిన తొట్టిని ఎవరు జరుపుతారు?

మామయ్య: అయితే మందపాటి పరదా వెయ్యి. దానికి ముందు నాలుగు రోజులు తొట్టి మీద నల్ల దుప్పటి కప్పు, సందు లేకుండా. మేత వెయ్యకు. పెద్ద చేపలకి నాలుగు రోజులు తినకపోయినా ఏం కాదు. గాలి పంపు మాత్రం ఆపకు, ఆపావంటే ఇందాక నువ్వు భయపడ్డది అవుతుంది. దుప్పటి తీశాక మూడో వంతు నీళ్లు మార్చు, క్లోరిన్ పోయినవే పొయ్యి. తర్వాత టైమర్ పెట్టి, రోజుకి ఆరేడు గంటలే తొట్టి మామూలు లైటు వెయ్యి. ఓ మనీ ప్లాంట్ కొమ్మ పెట్టి వేళ్లు నీళ్లలోకి వదిలావంటే మిగిలిన ఎరువు అది లాక్కుంటుంది.

శ్రీలత: దుప్పటి కప్పితే చచ్చే నాచు కుళ్లదా? మీ మాట మీకే తగులుతోంది మామయ్యా.

మామయ్య: కుళ్లుతుంది. అందుకేగా నీళ్లు మార్చమన్నాను. నువ్వు లైటు కొంటావు కానీ నీళ్లు మార్చడం మానేస్తావు.

శ్రీలత: రెండూ చేస్తా. దుప్పటి తీశాక కూడా యూవీ లైటు ఉంటే నాచు మళ్లీ రాకుండా చూస్తుంది.

మామయ్య: లైటున్నా, పరదా ఉన్నా, ఎరువు తయారయ్యేది చేపల వల్లే కదా! అసలు ఎన్ని ఉన్నాయి ఇందులో?

శ్రీలత: ఆరు.

మామయ్య: ఆరు గోల్డ్ ఫిష్‌లా! 56 లీటర్లలోనా! మేం చెరువులో పిల్ల వేసేటప్పుడు ఎకరానికి ఇన్ని అని లెక్క చూసుకుంటాం. ఇక్కడ నువ్వు కాలవ నీళ్లన్నీ తెచ్చి పోసినా వారానికి మళ్లీ పచ్చబడతాయి. ఒకటి ఉంచుకో, మహా అయితే రెండు. మిగతావి పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి ఇచ్చెయ్యి.

శ్రీలత: అయితే మీరే తీసుకెళ్లి చెరువులో వదలండి.

మామయ్య: ఎర్రగా నిగనిగలాడే చేపల్ని చెరువులో వదిలితే, నేను గట్టు దిగేలోపే నీటికాకులు మింగేస్తాయి. వాటితో ఏ రోగం వస్తుందో, నా చేపలకీ అంటుకుంటుంది. నీ ఫ్లాట్లలోనే అడుగు ఎవరికైనా కావాలేమో. ఆ షాపువాడినీ అడుగు, వెనక్కి తీసుకుంటాడేమో.

శ్రీలత: వాడు ఇంకో రెండు అంటగడతాడు.