మహారాజశ్రీ విశ్రాంతి గారికి ఒక బండల మేస్త్రీ విన్నపం

మహారాజశ్రీ విశ్రాంతి గారి దివ్య సముఖమునకు,

కడప నుంచి బండలు పరిచే మేస్త్రీ వ్రాయు విన్నపము. ఉత్తరాన్ని ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడం పద్ధతి. కానీ మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే కాబట్టి ఆ మాట వదిలేయమన్నాను. వదిలేయమన్నది మా అమ్మాయిని. మాటలు నావి, అక్షరాలు ఆమెవి. నేను పెన్ను పట్టుకుంటే రెండో వాక్యానికే వేళ్లు మొద్దుబారిపోతున్నాయి.

మన పరిచయం ఎలా జరిగిందో మీకు గుర్తుండకపోవచ్చు. నాకు బాగా గుర్తుంది. మొన్న మాఘమాసంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా రెండు అరచేతుల వెనక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు పెట్టి ఒక్క నిమిషం అలాగే ఉండమన్నాడు. నమస్కారాన్ని తిరగేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ముప్పై లెక్కపెట్టేలోగా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చీమలు పాకినట్టయ్యాయి. “ఉంగరం వేలు?” అని అడిగాడు. సగం తిమ్మిరెక్కింది, సగం బాగుంది అన్నాను. “చిటికెన వేలు?” దానికేమీ లేదన్నాను. చిటికెన వేలికి వెళ్లే నరం వేరట. ఇంటిల్లిపాదీ అప్పుల్లో మునిగితే, ఎప్పుడో వేరు కాపురం పెట్టుకున్న తమ్ముడు ఎదురింటి అరుగు మీద కూర్చుని తమలపాకులు నములుతున్నట్టుంది దాని వ్యవహారం.

తర్వాత డాక్టరు చీటీ వెనక బొమ్మ గీసి చూపించాడు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయట. వాటి మీదుగా అడ్డంగా ఒక గట్టి పట్టీ. ఆ రెంటి మధ్య సొరంగంలాంటి సందు. వేళ్లను ముడిచే తొమ్మిది తాళ్లూ, ఒక నరమూ అందులోంచే పోవాలి. చేతికి పని ఎక్కువై ఆ తాళ్లు ఉబ్బితే పాపం నరం మధ్యలో నలిగిపోతుంది. నాకు వెంటనే అర్థమైంది. పండగ ముందురోజు ప్రొద్దుటూరు వెళ్లే షేర్ ఆటోలో తొమ్మిది మంది మూటలతో సహా ఎక్కాక, డ్రైవరు పక్కన అర చెక్క మీద వేలాడే పదోవాడు ఎలా ఉంటాడో నా నరం అలా ఉంది.

చీటీలో ఐదు రోజులకు నొప్పి బిళ్లలు రాశాడు. రాత్రిపూట మణికట్టు వంగకుండా కట్టుకునే పట్టీ రాశాడు. అన్నిటికంటే కింద, గీత గీసి మరీ, మీ నామధేయం రాశాడు: మూడు వారాలు విశ్రాంతి. మందుల షాపు కుర్రాడు బిళ్లలిచ్చాడు, పట్టీ ఇచ్చాడు. చివరి వరుస దగ్గర ఆగి చీటీని అటూ ఇటూ తిప్పి, “ఇది మా దగ్గర దొరకదన్నా” అన్నాడు. మంచి కుర్రాడు. ఈ విషయంలో నాతో నిజం చెప్పింది అతనొక్కడే.

అప్పటి నుంచి మీ చిరునామా కోసం తిరుగుతున్నాను. మా ఊరి పేరుకే గడప అని అర్థం చెబుతారు. తిరుమల వెంకన్న దగ్గరికి వెళ్లేవాళ్లంతా ముందు దేవుని కడప గడప తొక్కి వెళ్లేవాళ్లట. ఉగాది నాడు ముస్లింలు సైతం ఆ గుడి మెట్లెక్కి స్వామికి మొక్కి వస్తారు. ఇంతమంది తొక్కిన గడపను మీరొక్కరే తొక్కలేదు.

మీరు కొందరి ఇళ్లకు వెళుతున్నారని మాత్రం తెలిసింది. ఈఎస్ఐ కార్డున్న కార్మికుడికి జబ్బు చేస్తే, రోజుకూలిలో 70 శాతం చేతికిచ్చి, ఏడాదికి 91 రోజుల దాకా మిమ్మల్ని ఆ ఇంటికి పంపుతారట. వింటుంటే పెళ్లివారిని సాగనంపినట్టుంది. నాకు ఆ కార్డు లేదు. ఈ నెల ఒక ఇల్లు, వచ్చే నెల ఇంకో ఇల్లు, చదరపు అడుగుకు ఇంతని లెక్క. నా యజమాని ఎవరని అడిగితే ఏ ఇంటి పేరు చెప్పాలో నాకే తెలియదు.

నా పని గురించి మీకు తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతాను, వినండి. పూణే, ముంబైలలో కడప అంటే ఊరు కాదు, నల్లరాయి. వంటింటి గట్టుకూ అల్మారా అరకూ వేసే రాయికి అక్కడ మా ఊరి పేరే పేరు. ఎర్రగుంట్ల వైపు నుంచి లారీలో దిగే ఆ బండ రెండడుగుల చదరం, అంగుళం మందం ఉంటే బరువు పాతిక కిలోలు. పన్నెండు పది గదికి ముప్పై బండలు పడతాయి. ఏడువందల యాభై కిలోలు. అంతేనా అనుకోకండి. ఒక్కో బండ నా చేతుల్లోకి నాలుగుసార్లు వస్తుంది: లారీ దించేటప్పుడు, గదిలోకి చేర్చేటప్పుడు, మట్టం చూడటానికి మాలు మీద ఉత్తిగా పరిచేటప్పుడు, దాన్ని మళ్లీ ఎత్తి సిమెంటు పాలు పోసి వేసేటప్పుడు. ఒక్క గదికి మూడు టన్నులు. ఇంటివాళ్లు చెప్పులు విడిచి, ఆ గదిలో నడిచి, “చల్లగా ఉంది” అంటారు.

నిజానికి బరువు ఎత్తడంలో లేదు. దించడంలో ఉంది, అందులోనూ చివరి అంగుళంలో. రెండు చేతుల వేళ్లూ బండ అంచు కింద ఉంటాయి. పక్క బండకు దారమంత సందు విడిచి, అంచుకు అంచు కలిపి, సిమెంటు పాలు చిందకుండా మెల్లగా దించాలి. చివరి అంగుళంలో వేళ్లు లాగేసుకోవాలి. తొందరగా లాగితే బండ ధబ్బున పడి కింద డొల్ల మిగులుతుంది. ఆలస్యంగా లాగితే గోళ్లు మిగలవు. ఆ ఒక్క క్షణంలో మణికట్టు వెనక్కి విరుచుకుని, పాతిక కిలోలూ దాని మీదే నిలబడతాయి. ఆ తర్వాత రసమట్టం పెట్టి, రబ్బరు సుత్తితో మూలమూలా తట్టి, చప్పుడు వినాలి. డొల్ల చప్పుడు వచ్చిందా, బండ మళ్లీ లేవాల్సిందే.

కటింగ్ మిషను గురించి రెండు ముక్కలే చెబుతాను. దాని చక్రం నిమిషానికి పది వేల చుట్ల పైన తిరుగుతుంది. మెట్లకు అంచులు కోసిన రోజు మిషను ఆపేసి అన్నానికి కూర్చున్నా చేతిలో అది తిరుగుతూనే ఉంటుంది. ముద్ద నోటి దాకా వచ్చేసరికి సగం కంచంలోనే రాలుతుంది.

రాత్రి ఒంటిగంటకు, రెండు గంటలకు చెయ్యి నన్ను లేపుతుంది. నా చెయ్యి నాది కానట్టు, ఎవరిదో తెచ్చి మంచం మీద పడేసినట్టు ఉంటుంది. లేచి కూర్చుని, జ్వరం చూసే డాక్టరు థర్మామీటరును విదిలించినట్టు విదిలిస్తాను. విదిలిస్తే కాస్త ప్రాణం వస్తుంది. మా ఆవిడ కూడా లేస్తుంది. వావిలాకు వేసి కాచిన నీళ్లు మళ్లీ వెచ్చబెట్టి, గుడ్డ ముంచి, పిండి, కాపడం పెడుతుంది. ఇలాంటి ఇల్లాలు దొరకడం నా అదృష్టం.

మీరు రాలేదని తెలిసి మీ బదులు వచ్చినవాళ్లకు లెక్కలేదు. ఒకాయన ఆముదం పట్టించమన్నాడు. ఒకామె జిల్లేడాకు వెచ్చజేసి కట్టమంది. మా పెద్దమామ అయితే పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోమని బస్సు చార్జీలు కూడా ఇవ్వబోయాడు. మామా, పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు కదా, నాది విరగలేదు కదా అంటే, “అదే నీ దురదృష్టం” అన్నాడు. ఆలోచిస్తే నిజమే. చెయ్యి విరిగితే సిమెంటు కట్టు పడుతుంది. సిమెంటు ఎక్కడ కనిపించినా కట్టడం మీద గౌరవం పుడుతుంది. ఇంటి యజమాని కూడా “అయ్యో” అంటాడు. నా నరం లోపల నలుగుతోంది, పైకి చెయ్యి నిగనిగలాడుతోంది. దాన్ని చూపించి నొప్పి అంటే, “నిన్న సాయంత్రం టీ గ్లాసు బాగానే పట్టుకున్నావే” అంటాడు.

బిళ్లల సంగతి ఒప్పుకుంటాను. ఐదు రోజులకని రాసినవి నెలన్నర మింగాను. పొద్దున ఒకటి వేసుకుంటే మధ్యాహ్నం దాకా మణికట్టు నోరెత్తేది కాదు. నోరెత్తకపోతే నయమైందనుకున్నాను. తర్వాత కడుపులో మంట మొదలైతే డాక్టరు నన్ను కూర్చోబెట్టి చివాట్లు పెట్టాడు. ఇవి అలా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి, నరం మీద బరువు మాత్రం గోరంత కూడా దిగదు అన్నాడు. మంటకు ఇంకో బిళ్ల రాశాడు. కింద మళ్లీ మీ పేరే రాశాడు. ఈసారి రెండు గీతలు గీశాడు.

మీ మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరు. మీరు రాకపోతే పోయారు, మీ పోలికలతో ఉండే ఆ తమ్ముణ్ని ఎందుకు పంపుతున్నారు? ఇసుక దొరకనప్పుడు అతను వస్తాడు. ముసురు పట్టినప్పుడు వస్తాడు. మూఢంలో గృహప్రవేశాలు ఉండవు గనుక పని నెమ్మదించిన ఇళ్లన్నిటి నుంచీ నేరుగా మా ఇంటికే వస్తాడు. మనిషి అచ్చం మీలాగే ఉంటాడు. మంచం మీద పడుకోనిస్తాడు, చేతికి పని చెప్పడు. కానీ ఆ రోజు కూలి జేబులో వేసుకుని పోతాడు. అతనున్నన్నాళ్లు మణికట్టు నొప్పి తగ్గి, వారం వడ్డీవాడి నొప్పి పెరుగుతుంది. ఊరంతా అతన్ని చూసి మీరే అనుకుంటారు. “నాలుగు రోజులుగా ఇంట్లోనే ఉన్నావు కదా, ఇంకేమిటి నొప్పి?” అంటారు. అన్నదమ్ములిద్దరూ ఒకసారి ఊళ్లో కలిసి తిరిగితే ఎవరు ఎవరో జనానికి తెలుస్తుంది.

ఇప్పుడు చేస్తున్న ఇంటికి శ్రావణంలో ముహూర్తం పెట్టారు. పంతులు గారు తిథి చూశారు, నక్షత్రం చూశారు, ఇంటావిడ తారాబలం కూడా చూశారు. నా చెయ్యి ఎవరూ చూడలేదు. ముహూర్తం తప్పితే మళ్లీ మంచి రోజులు ఎప్పుడో అని యజమాని బాధ. పాపం, ఆయనదీ అద్దె ఇల్లే. ఆయనను తప్పుపట్టలేను, అందుకే మిమ్మల్ని పడుతున్నాను.

మూడు వారాలు మీకు ఆతిథ్యం ఇచ్చే స్తోమత నాకు లేదు. అంత పెద్ద నోటుకు ఈ వీధిలో ఎవరి దగ్గరా చిల్లర ఉండదు. కాబట్టి చిల్లరగానే రండి అని పోయిన నెల నుంచి నేనే ఏర్పాట్లు చేసుకున్నాను. బండను ఇక ఒంటరిగా ఎత్తడం లేదు. నా జతగాడు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుంటున్నాం. రోజుకు నాలుగైదు బండలు తక్కువ పడుతున్నాయి, అతనితో తిట్లు మాత్రం ఎక్కువ పడుతున్నాయి. తాపీ పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేశాను. సన్నటి పిడిని బిగించి పట్టుకోవడం కంటే లావుపాటి పిడిని వదులుగా పట్టుకోవడం మణికట్టుకు సుఖం. గాజు పలకలు ఎత్తే రబ్బరు బుడిపెల పట్టు కూడా తెప్పించాను. నున్నటి టైలునైతే అది పెళ్లాడినట్టు పట్టుకుంది. మా గరుకు బండను మాత్రం ముట్టుకోనంది. కోత పనంతా ఒకే రోజు పెట్టుకోకుండా రోజుకింత అని పంచుకున్నాను. గంటకోసారి లేచి నిలబడి, చేతులు దించి, వేళ్లు చాపి ముడుస్తున్నాను. యజమాని మేడ మీద నుంచి చూసి “ఏమిటి మేస్త్రీ, ఎవరిని పిలుస్తున్నావు?” అన్నాడు. మిమ్మల్నే అని చెప్పలేదు.

రాత్రి పట్టీ కట్టుకుంటున్నాను. మణికట్టు వంగకుండా తిన్నగా ఉంటే సొరంగంలో కాస్త చోటు మిగులుతుందట. మొదటి వారం చేతికి బేడీ వేసినట్టుండేది. ఇప్పుడు వారంలో మూడు నాలుగు రాత్రులు తెల్లవార్లూ నిద్రపడుతోంది. ఇది మీ చలువేమో అనుకుని దండం పెట్టబోయాను గానీ, పట్టీతో చెయ్యి వంగలేదు.

ఇంకా తగ్గకపోతే సూది మందు వేస్తానన్నాడు డాక్టరు, అదీ పనిచేయకపోతే మణికట్టు లోపలి ఆ గట్టి పట్టీని కోసి సందు పెంచాలన్నాడు. కోస్తే మళ్లీ కొన్ని వారాలు మీరే రావాలట. ఎటు తిరిగినా చీటీ చివర మీరే ఉన్నారు.

దయచేసి ఒక్కసారి వచ్చి వెళ్లండి. మూడో అంతస్తులో ఉంటాను. మెట్లకు ఇంకా బండలు పడలేదు, చూసి ఎక్కండి.

ఇట్లు,
మీ దర్శనార్థి,
బండల మేస్త్రీ, కడప

తా.క.: విశ్రాంతి గారూ, ఇది నాన్న చెప్పింది కాదు. నాన్న నిద్రపోయాక రాస్తున్నాను. సంగటి గెలికే తెడ్డును అమ్మ ఈ మధ్య ఎడమ చేత్తో పట్టుకుంటోంది. నాన్నకు కాపడం పెట్టి పడుకున్నాక అమ్మ కూడా లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తుంది, చప్పుడు కాకుండా. నిన్న సాయంత్రం ఆటకని చెప్పి అమ్మ చేత ఆ తిరగేసిన నమస్కారం పెట్టించాను. ఇరవై ఐదు లెక్కపెట్టేసరికి చేతులు విడదీసి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది. అప్పటికి పొయ్యి వెలిగించనే లేదు.