మెకాలే అనని మాట

"భారతదేశం నలుమూలలా తిరిగాను. ఒక్క బిచ్చగాడు గానీ దొంగ గానీ కనబడలేదు. వీళ్లను లొంగదీయాలంటే వీళ్ల పాత చదువును పడగొట్టి ఇంగ్లీషు పెట్టాలి." 1835 ఫిబ్రవరి 2న ఇంగ్లీషు దొర మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో ఇలా అన్నాడంటూ ఫొటోతో సహా ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతోంది. మొన్న మా బాబాయి మళ్లీ పంపాడు. ఆయన బాధ నిజమైనదే. మాటే దొంగది.

ముందు తేదీ సంగతి చూద్దాం. 1834 జూన్‌లో మద్రాసులో దిగిన మెకాలే 1838 దాకా ఇక్కడే ఉన్నాడు. ఆ రోజు లండన్ పార్లమెంటులో ఎలా మాట్లాడతాడు? కలకత్తాలో గవర్నర్ జనరల్ కౌన్సిల్ సభ్యుడిగా ఆయన ఆ తేదీన రాసింది ఒక మినిట్, అంటే తన అభిప్రాయం చెప్పే అధికారిక పత్రం. 1813 చార్టర్ చట్టం ప్రకారం ఏటా చదువుకి కేటాయించిన లక్ష రూపాయలు సంస్కృతం, అరబ్బీలకా, ఇంగ్లీషుకా అన్నదే అందులో వాదన.

ఇక పొగడ్తంటారా, అందులో వెతికినా దొరకదు. మంచి యూరప్ గ్రంథాలయంలోని ఒక్క పుస్తకాల అర భారతదేశపు, అరబ్బుల సాహిత్యం మొత్తానికి సాటి అన్నాడు. తనకు సంస్కృతం, అరబ్బీ రావని అదే కాగితంలో ఒప్పుకుంటూనే అన్నాడు! ఇంత చిన్నచూపు చూసినవాడి నోట మనమే మెప్పు పెట్టి పంచుకోవడం నాకు కష్టంగా ఉంది.

ఇంగ్లీషు చదువు ఆయనతోనే మొదలైందన్నదీ తప్పే. కలకత్తాలో హిందూ కాలేజీని ఊరి పెద్దలు చందాలేసుకుని పెట్టింది 1817లో. 1823లో రామ్మోహన్ రాయ్ సంస్కృత కాలేజీ వద్దు, గణితం, రసాయనశాస్త్రం నేర్పించండని గవర్నర్ జనరల్‌కి రాశాడు. మన తెలుగువాళ్లలో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు ఇంగ్లీషు నేర్చి మద్రాసు సదర్ అదాలతు అనే పెద్ద కోర్టులో అనువాదకుడయ్యాడు.

మన బడుల్ని మెకాలే చంపాడన్న మాట దగ్గర కాస్త ఆగాలి. 1835 మార్చిలో గవర్నర్ జనరల్ బెంటింక్ ఆయన వాదన ఒప్పుకుని, ఆ డబ్బు ఇంగ్లీషు చదువుకే అన్నాడు. ఆ నింద వాళ్లిద్దరూ మోయాల్సిందే. కానీ బడులు అంతకుముందే పడిపోతున్నాయి. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ జిల్లాలో 533 బడులు లెక్క తేల్చాడు. అందులో 226 తెలుగువి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే తీరునీ రాశాడు. ఒకప్పుడు బడి ఉన్న ఊళ్లలో ఇప్పుడు లేదనీ రాశాడు. కారణం ఇంగ్లీషు అనలేదు. ఇంగ్లండు నుంచి సీమబట్ట వచ్చి నేతగాళ్ల బతుకు చితికింది, దేశం పేదదైపోయింది, అయ్యవారికి ఇచ్చుకునే స్తోమత తల్లిదండ్రులకు లేదు. లేత చేతులు కాస్త పని చేయగలిగితే చాలు, పిల్లల్ని పనిలో పెడుతున్నారని ఆ కలెక్టరే తన పైవాళ్లకు రాశాడు.