యజమాని మారితే చాలా? గుమాస్తా పాట ఎవరు వినాలి?

డిసెంబర్ వచ్చిందంటే అమెరికా టీవీ ఛానళ్లు చార్లెస్ డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కేరల్’ను ఏదో ఒక వేషంలో మళ్లీ బయటికి తీస్తాయి. పిసినారి స్క్రూజ్, చాలీచాలని జీతంతో ఇల్లు నెట్టుకొచ్చే గుమాస్తా బాబ్ క్రాచిట్, క్రిస్మస్ ముందు రాత్రి వచ్చి స్క్రూజ్ మనసు మార్చే ఆత్మలు. కథ పాతదే. దాన్ని కంట్రీ మ్యూజిక్‌తో, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన పాటలతో, కలిపి తీసిన టీవీ సినిమాలు రెండున్నాయి. 1979లో ఎన్‌బీసీ ఛానల్ ప్రసారం చేసిన ‘స్కిన్‌ఫ్లింట్: ఎ కంట్రీ క్రిస్మస్ కేరల్’ ఒకటి, 2020లో హాల్‌మార్క్ ఛానల్‌లో వచ్చిన ‘ఎ నాష్‌విల్ క్రిస్మస్ కేరల్’ రెండోది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నలభై ఏళ్లలో స్క్రూజ్ చేసిన తప్పే మారిపోయిందని తెలుస్తుంది. నా అభ్యంతరం అక్కడే.

మొదటిదాంట్లో స్క్రూజ్ పేరు సైరస్ ఫ్లింట్. అమెరికా దక్షిణాది రాష్ట్రమైన టెన్నెస్సీలోని ఒక చిన్న ఊళ్లో బ్యాంకు నడిపే షావుకారు. ఆ ఏడాది అమెరికాలో బ్యాంకరును విలన్ చేయడానికి పెద్దగా ఊహాశక్తి అక్కర్లేదు. ద్రవ్యోల్బణం 13 శాతం దాటింది. పెద్ద ఖాతాదారులకిచ్చే అప్పు మీదే వడ్డీ 15 శాతానికి చేరింది. అదే ఏడాది ఫిబ్రవరిలో గిట్టుబాటు ధర కోసం రైతులు ట్రాక్టర్లు తోలుకుంటూ వాషింగ్టన్ నగరంలోకి వచ్చేశారు. అలాంటి రోజుల్లో అప్పులిచ్చే మనిషి గుండె కరుగుతుందా లేదా అన్నది గ్రామీణ ప్రేక్షకుడికి ఉత్త కథ కాదు.

ఫ్లింట్‌గా వేసింది హోయ్ట్ ఏక్స్‌టన్. పాటల రచయిత, భారీ మనిషి, మెత్తని లోతైన గొంతు. అతని కింద పనిచేసే డెన్నిస్ ప్రిచెట్ పాత్రకు, అంటే మన బాబ్ క్రాచిట్‌కు, మెల్ టిల్లిస్‌ను తీసుకున్నారు. ఈ ఎంపిక నాకు చాలా నచ్చింది. టిల్లిస్‌కు చిన్నప్పటి నుంచి నత్తి. మాట మొదలుపెడితే మధ్యలో తట్టుకుంటుంది. పాట అందుకుంటే ఆ నత్తి ఎటు పోతుందో తెలియదు. ఈ సంగతి అప్పటికే దేశమంతా ఎరుగును. 1976లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అతన్ని ఆ ఏటి మేటి ఎంటర్‌టైనర్‌గా ఎంచుకుంది కూడా. యజమాని ముందు నోరు పెగలని ఉద్యోగిగా ఆ మనిషి నిలబడితే రచయిత వేరే డైలాగ్ రాయక్కర్లేదు. మాటకు దారి దొరకని చోట పాటకు దొరుకుతుందని ఆ ముఖమే చెప్తుంది.

కంట్రీ మ్యూజిక్‌ను ఈ కథకు బయటి నుంచి తెచ్చి అతికించారని అనుకోనక్కర్లేదు. డికెన్స్ పుస్తకంలోనే కీలకమైన చోట్ల పాట ఉంది. మొదటి అధ్యాయంలో ఒక కుర్రాడు చలికి వణుకుతూ స్క్రూజ్ తలుపు కన్నం దగ్గర వంగి క్రిస్మస్ పాట ఎత్తుకుంటాడు. స్క్రూజ్ రూలు కర్ర అందుకునేసరికి హడలిపోయి పారిపోతాడు. తర్వాత ఒక ఆత్మ స్క్రూజ్‌ను ఎవరూ లేని బీడు నేలకు తీసుకెళ్తుంది. అక్కడ గని కార్మికులుంటారు. మట్టి గుడిసెలో మంట చుట్టూ మూడు నాలుగు తరాల వాళ్లు కూర్చుంటే ఒక ముసలాయన పాత క్రిస్మస్ పాట పాడుతుంటాడు. అందరూ గొంతు కలిపితే ఆయనకు హుషారొస్తుంది, వాళ్లు ఆపేస్తే నీరసపడతాడు. నాలుగైదు వాక్యాల దృశ్యం. టీవీ వాళ్లు దీని జోలికి వెళ్లడం అరుదు.

ఈ గని వాళ్లను మొదటి అధ్యాయంలోని ఆఫీసుతో కలిపి చదవాలి. బాబ్ పొయ్యిలో ఒక్క బొగ్గు ముక్క ఉన్నంత మంట. ఇంకొంచెం వేసుకుందామంటే బొగ్గు పెట్టె యజమాని గదిలో ఉంటుంది. పార పట్టుకుని లోపలికెళ్తే ఉద్యోగం పోతుందేమోనని భయం. చివరికి కొవ్వొత్తి దగ్గర చేతులు కాచుకోవాలని చూస్తాడు. గుమాస్తాకు ఆఫీసులో బొగ్గు అందదు. భూమి లోపల గనులు తవ్వేవాళ్లు బీడులో పాడుకుంటుంటారు. 1843లో డికెన్స్ గనుల్లో, కర్మాగారాల్లో పిల్లల చేత చేయిస్తున్న చాకిరీ మీద వచ్చిన ప్రభుత్వ నివేదికలు చదివి రగిలిపోయాడు. ముందు ఒక కరపత్రం రాద్దామనుకున్నాడు, దాని బదులు ఈ కథ రాశాడు. బాబ్ జీతం వారానికి పదిహేను షిల్లింగులని లెక్క కట్టి మరీ చెప్పింది అందుకే.

కంట్రీ పాట పుట్టింది కూడా ఇదే నేల నుంచి. గని యజమానే నడిపే కంపెనీ స్టోరుకు బాకీ తీరక చావడానికి కూడా తీరికలేని గని కూలీ గోడు 1955లో టెన్నెస్సీ ఎర్నీ ఫోర్డ్ గొంతులో అమెరికా అంతటా నంబర్ వన్ పాటైంది. 1973 చివర్లో మెర్ల్ హాగర్డ్ ఇంకో పాట పాడాడు. ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిన తండ్రి, పండక్కి నాన్న ఏమీ కొనలేదెందుకో అర్థంకాని చిన్న కూతురు. ఈ డిసెంబర్ ఒక్కటీ గట్టెక్కితే చాలనుకుంటాడు తండ్రి. నా దృష్టిలో అది బాబ్ క్రాచిట్ పాటే. డికెన్స్ మనల్ని స్క్రూజ్ భుజం పక్కన నిలబెట్టి కథ చూపిస్తాడు. బాబ్ ఇంటిని కూడా స్క్రూజ్ కళ్లతోనే చూస్తాం. కంట్రీ పాట బాబ్ నోటితో చెప్తుంది. మన బుర్రకథలో కథకుడు కథ ఆపి బాధపడేవాడి గొంతుతో పాట అందుకున్నట్టు, ఇక్కడ కూడా కథ చెప్పే హక్కు చేతులు మారాలి. కంట్రీ మ్యూజిక్ ఈ కథకు ఇవ్వగలిగిన కొత్తదనం అదే. 1979 సినిమా అక్కడికి సగం దూరమే వెళ్లిందని నా అభిప్రాయం. బార్బరా మాండ్రెల్, లిన్ ఆండర్సన్, ల్యారీ గ్యాట్లిన్, టామ్ టి. హాల్ లాంటి పేరున్న గాయకులందరినీ పోగేసింది. అంతమందికి తలా ఒక అవకాశం ఇవ్వాల్సి వచ్చేసరికి గుమాస్తాకు మిగిలేది తక్కువే. అయినా తప్పు ఎక్కడుందో ఆ సినిమాకు తెలుసు: డబ్బున్నవాడి పిడికిట్లో.

2020కి వచ్చేసరికి స్క్రూజ్ స్థానంలో వివియెన్ అనే టీవీ ప్రొడ్యూసర్ ఉంది. కంట్రీ మ్యూజిక్ క్రిస్మస్ షో పనిలో తలమునకలై ఉంటుంది. చనిపోయిన గురువుగా వైనోనా జడ్ వచ్చి హెచ్చరిస్తుంది, గతం చూపించే ఆత్మగా కిక్స్ బ్రూక్స్ కనిపిస్తాడు. గాయకులు బాగున్నారు, కంట్రీ మ్యూజిక్‌కు పుట్టిల్లు లాంటి నాష్‌విల్ నగరం బాగుంది. కానీ వివియెన్ చేసిన తప్పేంటంటే పనిలో పడి ప్రేమను, అయినవాళ్లను మర్చిపోవడం. పని పిచ్చి నిజమైన సమస్యేనని ఒప్పుకుంటాను. టెన్షన్‌తో రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేసేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. కాకపోతే అది తనకు తాను చేసుకునే అన్యాయం. స్క్రూజ్ చేసింది ఎదుటివాడికి. అతను మారకపోతే బాబ్ జబ్బు కొడుకు టైనీ టిమ్ చచ్చిపోతాడు. ఆ ప్రాణభయం తీసేశాక ఇంకే కథ అయినా ఒకటే.

కంట్రీ గాయని డాలీ పార్టన్ పాటలతో 2019లో బోస్టన్‌లో మొదలైన, స్మోకీ కొండల నేపథ్యంలో ఇదే కథ చెప్పే నాటకం ఈ విషయంలో టీవీ కన్నా నిక్కచ్చిగా ఉంది. అందులో కాలం 1930ల ఆర్థిక మాంద్యం, చోటు తూర్పు టెన్నెస్సీ, స్క్రూజ్ ఒక గని ఊరికి యజమాని. ఇల్లూ కొట్టూ కూలీ అన్నీ ఒక్కడి చేతిలో. గుడిసెలో పాడిన ఆ గని కుటుంబాన్ని కథ మధ్యలోకి తెచ్చి కూర్చోబెట్టినట్టైంది.

ఇంకో చిక్కు మిగిలే ఉంది, అది డికెన్స్‌తోనే. ఒక యజమాని మంచివాడైతే ఒక ఇల్లు బాగుపడుతుంది. పక్క వీధిలో గుమాస్తా సంగతేంటి? కంట్రీ పాట యజమాని మనసును అంత తేలిగ్గా నమ్మదు. అందులో సోమవారం మళ్లీ వస్తుంది, వాయిదా కట్టాల్సిన తేదీ మళ్లీ వస్తుంది. ఈ రెండు స్వభావాలూ ఢీకొనే చోటు పుస్తకం చివర్లో ఉంది. పండగ మర్నాడు బాబ్ పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. స్క్రూజ్ జీతం పెంచుతున్నానంటే నమ్మడు, మతి పోయిందనుకుంటాడు. రూలు కర్రతో ఒకటి కొట్టి పడేసి, జనాన్ని కేకేసి పిలిచి కట్టేయించాలా అని ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఎంత కాలం అణిగి ఉంటే జీతం పెంపు వినగానే మనిషికి అలాంటి ఆలోచన వస్తుంది? చాలా టీవీ రూపాల్లో ఈ సన్నివేశం నవ్వులతో, కౌగిలింతతో రెండు నిమిషాల్లో అయిపోతుంది. కంట్రీ మ్యూజిక్‌తో ఈ కథను ఈసారి ఎవరు తీసినా అక్కడ కెమెరా బాబ్ మీద ఆపి, ఆ అపనమ్మకాన్ని అతని చేత పూర్తిగా పాడించాలి.