సవరణ: డేవిడ్ మీచ్, 'ఆల్ఫా తోడేలు'

తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ గురించి గత వారం రాసిన పరిచయంలో రెండు విషయాలు సవరిస్తున్నాను.

మందలో పోరాడి గెలిచిన తోడేలే 'ఆల్ఫా', అంటే మంద నాయకుడు, అవుతుందన్న సిద్ధాంతం మీచ్‌దని అందులో ఉంది. అది ఆయనది కాదు. 1947లో జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో, బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసినది. 1970లో వచ్చిన మీచ్ పుస్తకం దాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసింది, అంతే. 1986 నుంచి ఏటా వేసవిలో కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను దగ్గరగా గమనించాక, ఆయనకు వేరే చిత్రం కనిపించింది. మంద అంటే మామూలుగా ఒక కుటుంబం. అమ్మానాన్నలు ముందు నడుస్తారు, పిల్లలు వెంట వస్తాయి, పెద్దయ్యాక విడిపోయి సొంత జోడీ వెతుక్కుంటాయి. కుర్చీ కోసం కొట్లాట అక్కడ అరుదు. 1999లో ఈ సంగతి పరిశోధనా పత్రంగా ప్రచురించారు. తన పుస్తకాన్ని ఇక అచ్చువేయొద్దని ప్రచురణకర్తను ఏళ్ల తరబడి అడిగారు కూడా. తనకు పేరు తెచ్చిన పుస్తకం విషయంలో అలా పట్టుబట్టడం నా దృష్టిలో ఆయన కెరీర్‌లోనే గొప్ప పని. మొదటి పోస్టులో దీనికే చోటు దక్కాల్సింది.

రెండోది చిన్నది. అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవిలో తోడేళ్లు, మూస్ జింకలపై 1958లో అధ్యయనం మొదలుపెట్టింది మీచ్ కాదు, పర్డ్యూ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ డర్వర్డ్ అలెన్. మీచ్ అక్కడ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన విద్యార్థి.