గుండ్రటి ముద్ర గారికి చైనా స్కాలర్‌షిప్ అభ్యర్థుల విన్నపం

మహారాజశ్రీ గుండ్రటి ముద్ర గారి సముఖానికి,

చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టే రెండు తెలుగు రాష్ట్రాల విద్యార్థులం నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

న్యాయంగా ఈ లేఖ చైనా స్కాలర్‌షిప్ కౌన్సిల్‌కి వెళ్ళాలి. 1996లో బీజింగ్‌లో పెట్టిన ఆ సంస్థే కదా ఎవరికివ్వాలో తేల్చేది. కానీ మా ఫైలు ఎక్కడ ఆగిందని ఆరా తీసినప్పుడల్లా కారణం మీ దగ్గరే తేలుతోంది. మీరు పడలేదు. లేదా పడ్డారు గానీ సగమే పడ్డారు. పూర్తిగా పడ్డారు గానీ పడాల్సింది ఫొటో అంచు మీద. మధ్యవర్తులెందుకని నేరుగా మీకే రాస్తున్నాం.

మీ మీద మాకింత భక్తి ఎందుకంటే, మీ వెనక ఉన్న సొమ్ము అలాంటిది. ట్యూషన్ ఫీజు ఉండదు, హాస్టల్ గది గానీ దానికి బదులు భత్యం గానీ ఇస్తారు, ఆరోగ్య బీమా కడతారు. పైగా నెలనెలా చేతికి డిగ్రీ వాళ్ళకు 2,500 యువాన్లు, పీజీకి 3,000, పీహెచ్‌డీకి 3,500. విమానం టికెట్టు మాత్రం సాధారణంగా మన జేబులోంచే. వయసు డిగ్రీకి 25 లోపు, పీజీకి 35 లోపు, పీహెచ్‌డీకి 40 లోపు ఉండాలి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ మొదలయ్యేది దారుల దగ్గర. ఏ రకం, బి రకం అని రెండున్నాయి. ఏ రకం ప్రభుత్వాల మధ్య ఒప్పందం మీద నడిచేది. మనవాళ్ళయితే ఢిల్లీలోని కేంద్ర విద్యాశాఖ ద్వారా పోవాలి. ఆ ఏడాది ప్రకటన వెలువడితేనే ఆ తలుపు తెరిచినట్టు. బి రకంలో చైనా యూనివర్సిటీకే నేరుగా పెట్టుకుంటాం. రెండింటికీ ఆన్‌లైన్ ఫారం ఒకటే. తేడా అంతా ఏజెన్సీ నంబరు అనే చిన్న అంకెలో ఉంది. నంబరు కొట్టగానే పక్కన సంస్థ పేరు దానంతటదే వస్తుంది. ఆ పేరు చదవకుండా నెక్స్ట్ నొక్కేసిన దరఖాస్తు, ముక్కూ మొహం తెలియని మరో యూనివర్సిటీ ఖాతాలో వెళ్ళి కూర్చుంటుంది. అక్కడ మన కాగితాలుండవు, కాగితాలున్న చోట దరఖాస్తు ఉండదు. ఇందులో మీ తప్పేమీ లేదు లెండి, ఈ ఒక్క చోట మీరు నిర్దోషులు.

బి రకం వాళ్ళకు ఇంకో ఉచ్చు ఉంది. కౌన్సిల్ పోర్టల్లో ఫారం నింపి సబ్మిట్ చేశాక యూనివర్సిటీ సొంత పోర్టల్లోనూ విడిగా మళ్ళీ నింపాలి. కౌన్సిల్ పైసా తీసుకోదు. యూనివర్సిటీలు చాలావరకు దరఖాస్తు రుసుము కింద నాలుగైదు వందల యువాన్లు, కొన్ని అంతకు పైనే వసూలు చేస్తాయి, తిరిగివ్వవు. అక్కడ అప్‌లోడ్ చేయమనేది సబ్మిట్ అయ్యాక దిగే, క్రమసంఖ్య ఉన్న ఫారాన్ని. సబ్మిట్ కాకముందు ప్రింటు తీసిన చిత్తు ప్రతి మీద ఎన్ని సంతకాలు చేసి పంపినా అది చిత్తు కాగితమే.

ఇక పేర్ల సంగతి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. ఇంటర్ మెమోలో ఆ అక్షరం వెనక్కి పోయింది. డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా విప్పారు. పాస్‌పోర్టులోనేమో సర్‌నేమ్ గడి ఖాళీ, నాలుగు ముక్కల పేరంతా గివెన్ నేమ్ గడిలో ఇరుక్కుంది. మన ఊళ్ళో ఇవన్నీ ఒకే మనిషి. చైనాలో ఫైలు తెరిచినాయనకు నలుగురు మనుషులు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయే, అందులో పేరు ఎలా ఉందో ఫారంలో అలాగే కొట్టడం ఒక్కటే క్షేమం. మెమోలతో తేడా ఉంటే అందరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ జతచేయాలి. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ళు పాస్‌పోర్టును దరఖాస్తుకు ముందే మార్పించుకోవాలి. ఎంపికయ్యాక మారిస్తే అడ్మిషన్ నోటీసులో ఒక నంబరు, చేతిలో ఇంకో నంబరు. ఈ పేరు గొడవ వీసాతో పోయేది కూడా కాదు. అక్కడ బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, ఫోన్లో డబ్బు కట్టే యాప్‌లయిన వీచాట్, అలీపే నాలుగింట్లోనూ అవే అక్షరాలు, అదే వరుస, అవే ఖాళీలు ఉండాలి. లేకపోతే స్టైపెండ్ ఖాతాలో పడినా ఫోన్లోంచి టీ కొనలేని పరిస్థితి.

ఇప్పుడు మీ అసలు రాజ్యానికి వద్దాం. మా దగ్గర చిన్నప్పటి నుంచీ గెజిటెడ్ ఆఫీసరు పచ్చ సిరా సంతకమే మహాప్రసాదం. చైనా దరఖాస్తుకు అది పనికిరాదు. డిగ్రీ సర్టిఫికెట్టు, మార్కుల మెమోలు నోటరీ చేసి ఉండాలి. కోర్టు గేటు దగ్గర బల్ల వేసుకున్న నోటరీ లాయరు గారు మొదటి పేజీ మీద మిమ్మల్ని దించి, మిగతా పేజీలు పిన్ను కొట్టి ఇచ్చేస్తారు. ఎనిమిది సెమిస్టర్ల మెమోలుంటే ఎనిమిదింటి మీదా మీరుండాలి. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చదవడానికి వీలుగా, స్కాన్‌లో మసకబారకుండా పడాలి. చివరి ఏడాది చదువుతున్నవాళ్ళు ఇప్పటిదాకా వచ్చిన మెమోలతో పాటు ఫలానా నెలలో కోర్సు పూర్తవుతుందని కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. కాన్వొకేషన్ జరిగి ఒరిజినల్ డిగ్రీ వచ్చేసరికి అక్కడ సెమిస్టర్ అయిపోతుంది గనక ప్రొవిజనల్‌నూ, కన్సాలిడేటెడ్ మెమోనూ ముందే వెంటబడి తెచ్చుకోవాలి.

కొన్ని యూనివర్సిటీలు నోటరీతో తృప్తి పడవు. అప్పుడు మీ విదేశీ బంధువు అపోస్టిల్ గుర్తుకొస్తాడు, ఒప్పందంలో చేరిన దేశాలు ఒకరి పత్రాలను ఒకరు నమ్మడానికి అంటించే ధ్రువీకరణ స్టిక్కరన్నమాట. భారత్ ఆ ఒప్పందంలో 2005 నుంచీ ఉంది, చైనాలో అది 2023 నవంబరు 7న అమల్లోకి వచ్చింది. ఇంకేం, ఒక్క స్టిక్కరుతో పనైపోతుందని సంబరపడకూడదు. చైనా చేరికకు భారత్ అభ్యంతరం చెప్పింది కాబట్టి ఈ రెండు దేశాల మధ్యా అది వర్తించదు. ప్రపంచంలో చాలా చోట్ల చెల్లే స్టిక్కరు, హిమాలయాలకు అటూ ఇటూ మాత్రం చెల్లదు. ఆ స్థాయి ధ్రువీకరణ అడిగితే పాత పద్ధతిలో మన విదేశాంగశాఖ, ఆ తర్వాత చైనా రాయబార కార్యాలయం. అడగనిదే ఎవరూ ఆ ఖర్చు పెట్టుకోవద్దు.

మీ పట్టాభిషేకం జరిగేది మాత్రం మెడికల్ ఫారంలో. ఫారినర్ ఫిజికల్ ఎగ్జామినేషన్ ఫారం అని, ఆరు నెలలు మించి చదవబోయే ప్రతివాళ్ళూ నింపాల్సింది. అందులో గతంలో వచ్చిన జబ్బుల పట్టిక ఒకటుంది: టైఫస్, పోలియో, డిఫ్తీరియా, స్కార్లెట్ ఫీవర్, బ్రూసెల్లోసిస్, వైరల్ హెపటైటిస్, బాలింతలకు వచ్చే స్ట్రెప్టోకాకస్ జ్వరం. ఈ చివరిదానికి మగపిల్లలు కూడా లేదు అని టిక్కు పెట్టాలి. మాకెలా వస్తుందిలే అని వదిలేస్తే అది ఖాళీ గడి, ఖాళీ గడి ఉంటే అసంపూర్తి ఫారం, అసంపూర్తి ఫారం చెల్లదు. మన డాక్టర్లకు ఇంకో అలవాటు ఉంది. చర్మం, లింఫ్ గ్రంథులు, చెవులు, ముక్కు, టాన్సిల్స్, గుండె, ఊపిరితిత్తులు, వెన్నెముక అని పదిహేను గడులుంటే, పైనుంచి కిందికి ఒకే గీత గీసి పక్కన నార్మల్ అని రాస్తారు. ఒక్కో గడిలో ఒక్కోసారి రాయమని బతిమాలుకోవడమే. కళ్ళద్దాలుంటే అద్దాలు లేకుండా చూపు, పెట్టుకున్నాక చూపు, రెండూ రాయించాలి. రంగులు గుర్తుపట్టే పరీక్ష గడి వేరే ఉంది, దాన్ని మర్చిపోవడం ఆనవాయితీ.

ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, హెచ్‌ఐవీకీ సిఫిలిస్‌కీ రక్తపరీక్షలు తప్పవు. ఫలితాలు ఫారంలో రాయడంతో పాటు ల్యాబ్ రిపోర్టులు కూడా జతచేయాలి. ఆ తర్వాత మీ దర్శనం. డాక్టరు గారు తన పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న నలుచదరపు స్టాంపు వేసి అయిపోయిందంటారు. కాలేదు. ఆసుపత్రి పేరున్న స్టాంపు కావాలి, అదీ రెండు చోట్ల: చివర సంతకం దగ్గర ఒకటి, మొదట్లో అతికించిన ఫొటో మీద ఒకటి. ఫొటో మీద వేసేటప్పుడు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. మరీ మొహం మీద పడితే మనిషి కనబడడు, బొత్తిగా అంచున పడితే మీరు కనబడరు. ఫొటో రేపు మార్చేయకుండా ఈ ఏర్పాటు. కారణం మంచిదే, కాదనం. కానీ నున్నటి ఫొటో కాగితం మీద ఊదా సిరా ఆరదు, వేలు తగిలితే అలుక్కుపోతుంది. ఆరేదాకా ఫారం మడవకూడదని ఏ నియమావళిలోనూ రాయరు.

పైగా ఆ ఫారానికి ఆరు నెలలే ఆయుష్షు. దరఖాస్తులు శీతాకాలంలో, క్లాసులు సెప్టెంబరులో. డిసెంబరులో చేయించిన పరీక్ష జూన్‌కే చచ్చిపోతుంది. మొదటి పరీక్ష ఖర్చు దండగ కాదు, అది లేకుండా ఫైలు కదలదు. కాకపోతే చైనాలో దిగాక అక్కడి హెల్త్ సెంటర్‌లో రెండోసారి చొక్కా విప్పడానికి సిద్ధపడాలి. ఒరిజినల్ ఫారమూ రిపోర్టులూ చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

సిఫార్సు లేఖల దగ్గర మీరు కాస్త కనికరం చూపిస్తారు, మా కాలేజీలు చూపించవు. పీజీకి, పీహెచ్‌డీకి రెండు లేఖలు కావాలి, ప్రొఫెసరో అసోసియేట్ ప్రొఫెసరో ఇవ్వాలి. "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా" అంటారు హెచ్‌ఓడీ గారు. రెండో సారూ అదే మాట అంటారు. రాసేది ఒకే పిల్ల కాబట్టి ఇద్దరు మేధావులూ ఒకే వాక్యంలో, ఒకే అక్షరదోషంతో ఆ పిల్లని మెచ్చుకుంటారు. ఒకాయన ప్రాజెక్టు గురించి, ఇంకొకాయన చదువు గురించి రాస్తే చాలు, ఆ దోషం పోతుంది. లెటర్‌హెడ్, తేదీ, హోదా, కాలేజీ ఈమెయిలు, ఫోను నంబరు తప్పనిసరి. స్టడీ ప్లాన్ కూడా ఇదే తంతు. పీజీ, పీహెచ్‌డీకి 800 పదాలకు తగ్గకూడదు. అందులో 500 పదాలు చైనా మహాగోడ గురించి, అయిదు వేల ఏళ్ళ నాగరికత గురించి రాస్తారు మనవాళ్ళు. ఆ సంగతులు వాళ్ళకు తెలుసు. ఏ ల్యాబు, ఏ ప్రశ్న, ఏ పద్ధతి, ఏ సెమిస్టర్‌లో ఏం చేస్తారు అన్నదే వాళ్ళకు తెలియదు.

విద్యార్థిగా తీసుకుంటానని చైనా ప్రొఫెసర్ ఇచ్చే అంగీకార పత్రం గురించి కూడా ఒక మాట. దాన్నే సీటు అనుకుని స్వీట్లు పంచేవాళ్ళున్నారు. ప్రొఫెసర్ సంతకం ఆయన ఇష్టాన్ని తెలుపుతుంది, అంతే. యూనివర్సిటీ తరఫున ఎర్ర సిరాలో, మధ్యలో నక్షత్రంతో మీరు ప్రత్యక్షమైతేనే అది ముందస్తు ప్రవేశపత్రం. ప్రభుత్వాల మధ్య నడిచే ఆ ఏ రకం దరఖాస్తుకు దాని బలం చాలా ఉంటుంది. ప్రొఫెసర్లకు అక్టోబరు, నవంబరులో రాయాలి. జనవరి, ఫిబ్రవరిలో వసంతోత్సవం సెలవులకు ఊళ్ళెళ్ళిపోతారు, గడువులేమో ఆ వెంటనే ముగుస్తాయి. ఒకే ఉత్తరం నలభైమందికి కనబడేలా పంపితే నలభైమందీ ఒక్కసారే చెరిపేస్తారు.

మీ నకిలీల గురించి కూడా చెప్పుకోవాలి. బెంజ్ సర్కిల్ నుంచి అమీర్‌పేట దాకా నూటికి నూరు శాతం స్కాలర్‌షిప్ గ్యారంటీ అనే బోర్డులున్నాయి. మీ బొమ్మ రంగుల ప్రింటరులో ఎంత అందంగా వస్తుందో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎంబీబీఎస్‌కి కూడా ఈ స్కాలర్‌షిప్ ఇప్పిస్తామంటారు. ఈ స్కాలర్‌షిప్ మీద డిగ్రీ స్థాయి చదువు చైనా భాషలోనే. భాష రానివాళ్ళు ముందు ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు చేసి గట్టెక్కాలి. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనలేమో విదేశంలో వైద్యవిద్య ఇంగ్లిష్‌లోనే జరగాలంటాయి. ఈ రెండూ ఒక గదిలో ఎలా కాపురం చేస్తాయో ఆ బోర్డు కింద కూర్చున్నాయన్ని అడిగితే అడ్వాన్స్ రసీదు చూపిస్తాడు. దాని మీద కూడా మీరున్నారు.

పోలీసు క్లియరెన్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్టేషన్ ఎస్సై ఇచ్చిన తెల్లకాగితం వద్దు, పాస్‌పోర్టు సేవా ద్వారా తీసుకోవాలి. దానిక్కూడా ఆయుష్షు తక్కువే, మరీ ముందు తీయకూడదు.

ఇవన్నీ దాటితే ఎదురుచూపు. ఎంపికైనవాళ్ళకు వేసవి చివర్లో అడ్మిషన్ నోటీసు, జె.డబ్ల్యు. 201 అనే వీసా ఫారం వస్తాయి. సొంత ఖర్చుతో చదివేవాళ్ళది 202. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్ అని చెప్పి చేతిలో 202 పెడితే ఎవరో కథ చెప్పారని అర్థం. అడ్మిషన్ నోటీసు, 201 ఫారం రెంటితో ఎక్స్1 అనే విద్యార్థి వీసా. హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు, అందుకు తగ్గట్టు రోజులు లెక్కేసుకోవాలి. దిగిన 24 గంటల్లో బస వివరాలు పోలీసులకు నమోదు కావాలి, 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు చేయాలి. నెల 15లోపు రిజిస్టరైతే ఆ నెల భత్యం పూర్తిగా, దాటితే సగమే. మొదటి స్టైపెండ్ బ్యాంకు ఖాతా తెరిచేదాకా రాదు కాబట్టి నెలన్నర ఖర్చు చేతిలో ఉండాలి. కోర్సూ యూనివర్సిటీ మార్చుకుంటామంటే కుదరదు. ఏటా సమీక్ష కూడా ఉంది, అందులో తప్పితే భత్యం ఆగుతుంది.

కనుక ముద్ర గారూ, మా కోరికలు చిన్నవి. ఫొటో మీద పడేటప్పుడు సరిగ్గా సగానికి పడండి. ఎనిమిదో మెమో దగ్గరకొచ్చేసరికి సిరా అయిపోకుండా చూడండి. నోటరీ గారి భోజన విరామంలో మీరు బీరువాలో పడుకోకండి.

ఇట్లు,
తమ దర్శనాభిలాషులు,
చైనా స్కాలర్‌షిప్ అభ్యర్థులు.

అందరం సంతకాలు చేశాం. వాటి మీద ముద్ర వేయించాలో అక్కర్లేదో ఎవరూ తేల్చి చెప్పలేదు గనక పక్కన జాగా వదిలిపెట్టాం.