కొండ మీది కథ మారింది

ఇంగ్లండ్‌లోని డోర్సెట్ ప్రాంతంలో, డోర్చెస్టర్ పట్టణానికి నైరుతి దిక్కున మూడు కిలోమీటర్ల దూరంలో మెయిడెన్ కాజిల్ ఉంది. కోట అన్నారు కదా అని బురుజులో, ఫిరంగులో ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. గడ్డి, గొర్రెలు, ఆగకుండా వీచే గాలి, అంతే. కొండ చుట్టూ ఒకదాని వెనక ఒకటిగా మట్టికట్టలు, వాటి మధ్య లోతైన కందకాలు. టికెట్ లేదు, గేటు దగ్గర కాపలా లేదు. ఎక్కి దిగేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. పైన దాదాపు 19 హెక్టార్ల, అంటే 47 ఎకరాల ఖాళీ మైదానం. ‘ఇంతేనా?’ అని పెదవి విరిచే వాళ్లను తప్పుపట్టలేం. ఇలాంటి చోట కంటికి కనిపించేది తక్కువ, ఎవరైనా చెబితే తెలిసేది ఎక్కువ. అందుకే చెప్పేవాళ్ల బాధ్యత పెద్దది. ఆ బాధ్యత గురించే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ నేల సంగతి. దాదాపు 5,500 ఏళ్ల కిందట, ఇనుము ఇంకా తెలియని రోజుల్లో, రైతులు ఈ కొండ మీద కందకాలు తవ్వి ఒక ఆవరణ ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత దాని మీదుగానే 546 మీటర్ల పొడవున ఒక మట్టిదిబ్బ పోశారు. ఎందుకు పోశారన్నది ఈనాటికీ చర్చే. ఆపైన చాలా శతాబ్దాలు ఇక్కడ పెద్దగా అలికిడి లేదు. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో తూర్పు కొసన 6.4 హెక్టార్ల చిన్న కోట లేచింది. మరో నూట యాభై ఏళ్లకు అది మూడింతలైంది, కట్టలు పెరిగాయి. రోమన్లు వచ్చాక జనం కిందికి, ఇప్పటి డోర్చెస్టర్ ఉన్న చోటికి చేరారు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో ఎవరో మళ్లీ కొండెక్కి గుడి కట్టారు. ఊరు వదిలేసిన కొండను దేవుడు వదల్లేదన్నమాట. దాని పునాదిరాళ్లు ఇప్పటికీ గడ్డిలో కనిపిస్తాయి. ఆ తర్వాతి కాలంలో నాగళ్లు తిరిగాయి. ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి.

ఇన్ని పొరలున్నా దశాబ్దాల పాటు జనానికి తెలిసిన కథ ఒక్కటే. ఆ కథ చెప్పినవాడు పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్. ఆయన, ఆయన భార్య టెస్సా కలిసి 1934లో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. టెస్సా 1936లో చనిపోయారు, పని 1937 దాకా సాగింది. తూర్పు ద్వారం దగ్గర 50కి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. చాలామందికి పుర్రెల మీద గాయాలు. ఒకరి వెన్నెముకలో ఇనుప మొన ఇంకా దిగబడే ఉంది. ఇంకేం, కథ సిద్ధమైపోయింది. క్రీస్తుశకం 43లో రోమన్ దండు వచ్చింది, తర్వాత చక్రవర్తి అయిన వెస్పేషియన్ దానికి నాయకుడు, కొండవాళ్లు ఒడిసెలలతో ఎదిరించారు, ద్వారం దగ్గర కుప్పకూలారు, మిగిలినవాళ్లు రాత్రికి రాత్రి తమవాళ్లను పాతిపెట్టుకున్నారు. ఒడిసెల రాళ్లూ దొరికాయి మరి, ఒకేచోట ఇరవై వేలకు పైగా! వీలర్‌కు కథ చెప్పే నేర్పు ఉంది, పత్రికలను దగ్గరకు తీయడమూ తెలుసు. మా పత్రికారంగానికీ ఇలాంటి కథలంటే మహా ఇష్టం. ఆ మాట దాచుకోవడం ఎందుకు?

వెస్పేషియన్ ఇరవైకి పైగా కోటలు పట్టాడని రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాసిన మాట నిజమే. వాటిలో ఈ కొండ ఒకటని మాత్రం ఆయన రాయలేదు. 1985, 86లలో నయల్ షార్పుల్స్ మళ్లీ తవ్వినప్పుడు తేలిందేమిటంటే, రోమన్లు రావడానికి చాలా ముందే కోట లోపలి జనం పలచబడ్డారు. ద్వారం దగ్గర ఇనుము పని జోరుగా సాగిన ఆనవాళ్లు కూడా దొరికాయి. పోతే, 2025లో బోర్న్‌మత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వీలర్ తీసిన ఆ ఎముకలకు కొత్తగా కార్బన్ డేటింగ్, అంటే ఎముకలో మిగిలిన కార్బన్‌ను కొలిచి వయసు లెక్కగట్టే పరీక్ష, చేయించారు. వాళ్లంతా ఒకే రోజున చచ్చిపోలేదని, క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం చివరి నుంచి క్రీస్తుశకం మొదటి శతాబ్దం ఆరంభం దాకా, కొన్ని తరాల పాటు విడివిడిగా చనిపోయారని లెక్క తేలింది. దెబ్బలు నిజమే. కొట్టింది రోమన్లు కాకపోవచ్చు, తమలో తామే కొట్టుకుని ఉండొచ్చు. మొదట్లో చెప్పిన ఆ పొడవాటి మట్టిదిబ్బ మీద దొరికిన మరో శవానిదీ ఇదే తంతు. నవీన శిలాయుగంలో, అంటే ఆ తొలి రైతుల రోజుల్లో, ఏదో క్రతువులో ముక్కలు చేశారని వీలర్ అనుకున్న మనిషి, డేటింగ్ చేయిస్తే క్రీస్తుశకం ఏడో శతాబ్దపు వాడని తేలింది. తేడా నాలుగు వేల ఏళ్లు!

ఇదంతా ఎక్కడో ఇంగ్లండ్ గొడవ అనుకోవద్దు. ఇదే వీలర్ 1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చాడు. 1946లో హరప్పా కోటగోడను తవ్వాడు. మొహెంజోదారోలో అంతకు ముందే దొరికిన అస్థిపంజరాలను ఆ కోటగోడకు ముడిపెట్టాడు. రుగ్వేదంలో ఇంద్రుడికి పురందరుడని పేరుంది కదా, పురాలను పగలగొట్టేవాడని. అంతే, ఆ నగరాలను ఆర్యుల దండే కూల్చిందంటూ ‘పరిస్థితుల సాక్ష్యాన్ని బట్టి ఇంద్రుడే నిందితుడు’ అని రాసేశాడు. కోట, బయటి నుంచి వచ్చిన దండు, వీధుల్లో శవాలు. ఊరు మారింది గానీ కథ మారలేదు. 1964లో పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ డేల్స్ ఈ కథను విప్పి చూపించాడు. ఆ ఎముకలు ఒకే పొరవి కావు, కోట భాగంలో ఒక్క శవమూ దొరకలేదు. తర్వాత ఎముకలను పరిశీలించిన కెన్నెత్ కెనెడీకి ఊచకోత గుర్తులు కనిపించలేదు. అయినా ఆ పాత కథ ఈనాటికీ వాదోపవాదాల్లో ప్రాణంతో తిరుగుతూనే ఉంది. ముందు చెప్పిన మాటకున్న బలం దిద్దిన మాటకు ఉండదు.

వీలర్‌ను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. నేలను చదరాలుగా విభజించి, మధ్యలో గట్లు వదిలి, గోడలో కనిపించే పొరలకు నంబర్లు వేసి తవ్వే పద్ధతిని మన దేశంలో పాదుకొల్పింది ఆయనే. తక్షశిలలో శిబిరం పెట్టి ఒక తరానికి ఆ పని నేర్పాడు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులోనూ కర్ణాటకలోని బ్రహ్మగిరిలోనూ ఆ పద్ధతిలోనే తవ్వకాలు జరిగాయి. ఏది ఏ పొరలో దొరికిందో శ్రద్ధగా రాసి పెట్టే అలవాటు ఉండబట్టే, తర్వాతివాళ్లు ఆయన లెక్కలు తీసి ఆయననే తప్పుపట్టగలిగారు. చేతికున్న క్రమశిక్షణ కలానికి లేకపోయింది, అంతే.

అసలు చిక్కు కొంత ‘కోట’ అన్న మాటలోనే ఉంది. ఆ మాట వినగానే మన బుర్ర యుద్ధం వెతుకుతుంది. హాంప్‌షైర్‌లోని డేన్‌బరీ కొండను బ్యారీ కన్‌లిఫ్ 1969 నుంచి ఇరవై సీజన్లు తవ్వితే, సుద్దనేలలో తొలిచిన ధాన్యం పాతర్లు వేలల్లో దొరికాయి. ఇళ్లు, వీధి, మగ్గం బరువులు, పశువుల ఎముకలు. ఎన్నో ఏళ్ల పాటు గింజలు దాచుకుని బతికిన కొండలు ఇవి. కొట్లాటలు లేవని కాదు. యుద్ధం ఒకనాటి ముచ్చట, తిండి ఏనాటికీ తప్పని పని. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఇలాంటి కొండకోటలు 4,147 ఉన్నాయని 2017లో వచ్చిన అట్లాస్ లెక్కగట్టింది. అన్నింటికీ ఒక్క కథే ఎలా సరిపోతుంది?

అందుకని మేము అడిగేది చిన్నదే. ఏ కొండ దగ్గరైనా సమాచార బోర్డు పెట్టేవాళ్లు ఆ బోర్డు ఏ సంవత్సరంలో రాసిందో కింద వేయాలి. మందు సీసా మీద తారీఖు వేస్తాం కదా, చరిత్రకు వేస్తే తప్పేమిటి? ఏ మాట ఎముకను చూసి చెప్పిందో, ఏది పాత గ్రంథాన్ని బట్టి చెప్పిందో, ఏది ఊహో విడివిడిగా రాయాలి. పాత కథ తప్పని తేలితే బోర్డు మీద దాన్ని తుడిచేయొద్దు. కొట్టేసి, పక్కన కొత్తది రాయాలి. ఎలా తప్పామో చూపించే బోర్డు ముందు జనం ఇంకో రెండు నిమిషాలు ఎక్కువే నిలబడతారని మా నమ్మకం. గైడ్లకూ ఇదే మాట. ఒకే ఆవేశంతో ఒకే కథ రోజుకు ఆరుసార్లు చెప్పడం కన్నా ‘ఇది ఇంకా తేలలేదండీ’ అనడం తేలిక కూడా.

వెళ్లేవాళ్లకూ ఓ మాట. కట్టల మీద అడ్డదిడ్డంగా ఎక్కొద్దు, ఆ మట్టి జారితే మళ్లీ పోయలేం. మెటల్ డిటెక్టర్ ఇంట్లో వదిలి వెళ్లండి. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా దాన్ని వాడటం అక్కడి 1979 చట్టం ప్రకారం నేరం. పొర నుంచి పీకేసిన నాణెం జేబులో పడ్డాక వట్టి లోహమే, అది ఏ కాలానిదో చెప్పే మట్టి దానికి ఇక ఉండదు. మెయిడెన్ కాజిల్ లోపలి నేలలో చాలా భాగాన్ని ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. గొర్రెలు తిరిగే ఆ గడ్డి కింద వీలర్ చూడనివి, షార్పుల్స్ చూడనివి ఇంకా ఉన్నాయి.