చారలు ఒకటే అయితే రకం ఒకటే అనలేం

ప్లమ్ రకాలను ఆకుల్లోని ఐసోజైమ్‌ల (ఒకే పని చేసే ఎంజైమ్‌కు ఉండే వేర్వేరు రూపాల) ఆధారంగా విడదీయవచ్చన్న వ్యాసం చాలా బాగుంది. పండు రంగు, సైజు చూసి పేరు పెట్టేస్తే ఎంత గందరగోళమో నర్సరీవాళ్లకు బాగా తెలుసు. ఎండ, నీరు, వేరుమూలం (అంటు కట్టిన కింది మొక్క) మారితే పండు రూపమూ మారుతుంది. ఆకు రసాన్ని జెల్ అనే మెత్తని పలకలో కరెంటుతో నడిపి రంగు వేస్తే కనబడే ఎంజైమ్ చారలు అంత తేలిగ్గా మారవు. కాకపోతే లేత ఆకును ముదురు ఆకుతో పోల్చకూడదు, కొన్ని చారలు వయసును బట్టి కనబడతాయి, మాయమవుతాయి.

ఒక్క విషయం మాత్రం వ్యాసంలో ఇంకా వివరంగా రావాల్సింది. జపనీస్ ప్లమ్‌లో క్రోమోజోములు 16, యూరోపియన్ ప్లమ్‌లో 48. పీజీఐ (ఫాస్ఫోగ్లూకోజ్ ఐసోమరేజ్) లాంటి ఎంజైమ్ రెండు ప్రోటీన్ ముక్కలు కలిసి ఏర్పడుతుంది. జపనీస్ రకంలో ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువుకు రెండు వేర్వేరు రూపాలుంటే జెల్ మీద మూడు చారలు (ఒక్కో రూపానికి ఒకటి, రెండూ కలిసినదానికి ఒకటి) శుభ్రంగా వస్తాయి. యూరోపియన్ రకంలో క్రోమోజోముల సెట్లు ఆరు కాబట్టి అదే జన్యువుకు ఆరు ప్రతులు ఉండవచ్చు. అప్పుడు చారలు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఏది ఎంత ముదురుగా ఉందో కంటితో అంచనా వేయాల్సి వస్తుంది. రెండు జాతులకూ ఒకే చారల పట్టిక సరిపోదని నా గట్టి అభిప్రాయం.

ఇంకోటి, కొమ్మ మీద సహజంగా వచ్చిన మార్పుతో పుట్టిన రకానికీ దాని తల్లి చెట్టుకీ సాధారణంగా ఒకే చారలు వస్తాయి. చారలు వేరైతే రకాలు వేరని ధైర్యంగా చెప్పొచ్చు, ఒకటే అయితే మాత్రం అక్కడితో ఆగకూడదు. దయచేసి డీఎన్‌ఏ మైక్రోశాటిలైట్ పరీక్ష (డీఎన్‌ఏలో వరసగా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కలను పోల్చే పరీక్ష) గురించి కూడా రాయండి. అయినా ఆ పరీక్షకూ ఇలాంటి మొగ్గ మార్పులు చాలాసార్లు దొరకవు, అందుకే తోటలో పండును గమనించే పని మానలేం.